అర సెకను తగవు

డాలస్ శివారులో మా ఎదురింటి కుర్రాడికి 1989 నాటి షెవ్రొలే పికప్పు ఒకటుంది. పెరట్లో గోంగూర మళ్లకూ సొరపాదుకూ మట్టి, ఎరువు మోసుకొస్తుందని కొన్నాడు. ఇప్పుడు మట్టి మోసిన గంటలకంటే ఆ బండి కింద పడుకున్న గంటలే ఎక్కువ. వేసవికి వాళ్ల మేనమామ విజయవాడ నుంచి వచ్చాడు. ఆటోనగర్‌లో ముప్పయ్యేళ్లు లారీ గేర్‌బాక్సులు విప్పి బిగించిన మనిషి.

శనివారం పొద్దున్న వాళ్ల నిచ్చెన తిరిగిచ్చేద్దామని వెళ్లాను. గ్యారేజీ బల్ల మీద కొత్త అట్టపెట్టె, దానికి అటు మావయ్య, ఇటు మేనల్లుడు. పెట్టెలో ఉన్నది షిఫ్ట్ కిట్టు. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో గేరు గట్టిగా, చురుగ్గా పడేలా చేసే సామాను: కొన్ని స్ప్రింగులు, చిల్లుల రేకొకటి, కాగితంలాంటి ప్యాకింగులు, శనగ గింజంత ఉక్కు గుండ్లు. నేను నిచ్చెన గోడకి ఆనించి స్టూలు లాక్కున్నాను.

మావయ్య: ముందు రోగం చెప్పరా. మందు డబ్బా తర్వాత చూద్దాం.

అల్లుడు: రోగం కాదు మావయ్యా, బద్ధకం. ఒకటి నుంచి రెండుకి గేరు మారడం తొందరగానే మొదలవుతుంది. పడటానికే సాగుతుంది. ఇంజను ఒక్కసారి పైకి గుంజి, ఆలోచించుకుని, అప్పుడు దిగుతుంది. వెనక మట్టి లోడుంటే మరీను. అడుగున ఆయిలు పాన్ విప్పి, ఆయిలు దారులుండే వాల్వు బాడీ దించి, ఈ కిట్టు వేశామంటే టక్కున పడుతుంది. గేర్‌బాక్సు కిందికి దించే పనే లేదు.

మావయ్య: కంపెనీవాడు అంతమంది ఇంజనీర్లని కూర్చోబెట్టి చేయించిన దాన్ని నువ్వు ఒక శనివారంలో సరిచేసేస్తావు!

అల్లుడు: సరిచెయ్యడం కాదు. వాడు ఒక పక్కకి మొగ్గాడు, నేను ఇంకో పక్కకి జరుపుతున్నానంతే. వాడు బండి అమ్ముకోవాలి. చూడ్డానికొచ్చిన ముసలాయనకి మెడ కదలకూడదు, ఆవిడ చేతిలో కాఫీ తొణకకూడదు. ఆ మర్యాదకి ఖరీదు కట్టేది క్లచ్ ప్లేట్లు. అయినా ఈ మాట నాకు నేర్పింది నువ్వే.

మావయ్య: నేనా?

అల్లుడు: సెలవులకి షెడ్డుకి వచ్చినప్పుడు వినేవాణ్ణిగా. హాఫ్ క్లచ్ మీద నడిపే డ్రైవర్లని ఎలా తిట్టేవాడివి! క్లచ్ పూర్తిగా వదలరు, పూర్తిగా నొక్కరు, ప్లేటు మాడ్చి తెస్తారని. ఈ గేర్‌బాక్సు చేసేదీ ఆ పనే. దానంతటది, ప్రతి గేరుకీ.

మావయ్య: దీనికి క్లచ్ పెడలే లేదు కదరా.

అల్లుడు: పెడలు లేదు గానీ క్లచ్‌లు బోలెడు. లోపల పళ్లేలు పేర్చినట్టు ప్లేట్లుంటాయి, వాటికి అంటించింది కాగితం జాతి పొర. ఇంకా ఒక బ్యాండు, అంటే డ్రమ్ము చుట్టూ బిగిసే ఉక్కు పట్టీ. వీటన్నిటినీ నొక్కేది ఆయిలు ఒత్తిడి. ఈ గేర్‌బాక్సు పేరు 700ఆర్4. ఒకటో గేరు నిష్పత్తి 3.06, రెండోది 1.63. రెండు పడాలంటే తిరుగుతున్న డ్రమ్మును బ్యాండు పట్టుకుని ఆపాలి. ఆయిలు ఒక్క ఊపున వెళ్తే ధన్‌మని పట్టేస్తుంది. అందుకని కంపెనీ దారిలో అక్యుములేటరు అని ఒకటి పెట్టింది. స్ప్రింగు మీద కూర్చున్న పిస్టను అది. వచ్చిన ఆయిల్లో కొంత తను మింగుతుంది. దాని కడుపు నిండేదాకా బ్యాండుకి పూర్తి ఒత్తిడి అందదు. ఆలోపు బ్యాండు డ్రమ్ముని రాసుకుంటూ ఉంటుంది. అర సెకను, ఒక్కోసారి ఇంకాస్త. మనకి మెత్తగా అనిపించేది ఆ రాపిడే.

మావయ్య: అంటే మెత్తగా పడటమంటే జారడమన్నమాట.

అల్లుడు: జారడం, వేడెక్కడం, అరగడం. కిట్టులో స్ప్రింగు గట్టిది, రేకులో చిల్లు పెద్దది. ఆయిలు తొందరగా వెళ్తుంది, బ్యాండు తొందరగా పడుతుంది, రాపిడి తగ్గుతుంది.

మావయ్య: బాగుంది. జారితే ప్లేటు పోతుంది, ఒప్పుకున్నా. మరి క్లచ్ ఠక్కున వదిలేసే డ్రైవరు సంగతో? వాణ్ణి కూడా తిట్టేవాణ్ణి, అది నీకు గుర్తులేదు. ఇసుక లోడు మీద అలా వదిలాడంటే క్రాసు పోతుంది, ప్రొపెల్లర్ షాఫ్టు మెలి తిరుగుతుంది, హౌసింగ్‌లో క్రౌను పళ్లు రాల్తాయి. దెబ్బ ఎక్కడో ఒక చోట పడాలిరా. ప్లేటు తినకపోతే షాఫ్టు తింటుంది. ఆ అక్యుములేటరు పెట్టినవాడు కాఫీ కోసమే పెట్టాడని ఎందుకనుకుంటావు? వెనకున్న ఇనుము కోసం కూడా పెట్టుంటాడు.

అల్లుడు: అది నిజమే. ఈ గేర్‌బాక్సుల్లోనే సన్ షెల్ అని గిన్నెలాంటి ముక్క ఉంటుంది, దెబ్బల మీద దెబ్బలు తగిలితే పగిలేది అదే. కానీ గట్టితనంలో మోతాదులున్నాయి మావయ్యా. కిట్టుతో వచ్చిన కాగితంలో ఒకే చిల్లుకి రెండు మూడు సైజులిస్తారు. ఇంటి బండికి ఇంత, బరువులు లాగేదానికి ఇంత, పందేల బండికి ఇంత. నేను పందేనికి వెళ్లడం లేదు.

మావయ్య: అందరూ మొదట అదే అంటారు.

అల్లుడు: అసలు ఈ తగవు మనతో మొదలైంది కాదు. 1940 మోడలు కార్లకి ఓల్డ్స్‌మొబీల్ వాళ్లు హైడ్రామాటిక్ అని తెచ్చారు. జనం పెద్ద ఎత్తున కొన్న మొదటి పూర్తి ఆటోమేటిక్ అదే. నాలుగు గేర్లు, ప్రతి గేరూ తెలిసేలా పడేది. రెండో ప్రపంచ యుద్ధంలో దాన్నే ఎం5 స్టువర్ట్ ట్యాంకులో పెట్టారు. రెండు కాడిలాక్ ఇంజన్లు, ఒక్కోదానికీ ఒక హైడ్రామాటిక్.

మావయ్య: ట్యాంకులో కూర్చున్నవాడికి గేరు కుదుపు ఒక లెక్కా!

అల్లుడు: విను. అదే జనరల్ మోటార్స్‌లో బ్యూక్ వాళ్లకి ఆ కుదుపు నచ్చలేదు. 1948లో డైనాఫ్లో తెచ్చారు. డ్రైవ్‌లో వేశాక గేరు మారడమన్నదే ఉండదు, టార్క్ కన్వర్టరు ఒక్కటే సాగదీసుకుంటూ పోతుంది. వెన్న మీద నడిచినట్టు ఉండేది. బయల్దేరడం నింపాదిగా, పెట్రోలు తాగడం ధారాళంగా. చివరికి 1956లో హైడ్రామాటిక్‌ని కూడా రెండో కప్లింగు పెట్టి మెత్తబరిచారు. వేగం పిచ్చి ఉన్న కుర్రాళ్లు మాత్రం పాతదాన్నే వెతుక్కుని వెళ్లి, ఇంకా గట్టి చేసుకున్నారు. ఈ పెట్టె ఆ కుర్రాళ్ల వారసత్వం.

మావయ్య: అంటే నువ్వూ నేనూ ఒకే కంపెనీలో డెబ్బయ్యేళ్ల కిందటే కొట్టుకున్నాం. సరే, ఆ ఆయిలు సంగతేంటి? ఎర్రగా కుంకుమనీళ్లలా ఉంది.

అల్లుడు: దాని కథ ఇంకా వింత. ప్లేటు గుంజకుండా, కీచుమనకుండా పట్టుకోవాలంటే ఆయిల్లో ఓ రకం జారుడు గుణం కావాలి. 1970ల మొదటి దాకా అమెరికాలో దానికి స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. తిమింగలాన్ని కాపాడే చట్టాలొచ్చాక రసాయనాలతో చేసుకున్నారు.

మావయ్య: కారులో కాఫీ తొణక్కుండా ఉండటానికి సముద్రంలో తిమింగలం చచ్చిందన్నమాట. ఈ మాట నీ పక్షాన రాసుకో. మెత్తదనం ఊరికే రాదు. ఇప్పుడు పని సంగతి చెప్పు. వెల్లకిలా పడుకుని చేసే పని కదా, ఎలా చేస్తావు?

ఇక్కడి నుంచి ఆయన గొంతు మారింది. షెడ్డులో కొత్త కుర్రాణ్ణి పనిలో పెట్టుకునే ముందు అడిగే తీరు అది.

అల్లుడు: బండి ఎత్తి నాలుగు స్టాండుల మీద నిలబెడతాను. జాకీ మీద ఉన్న బండి కిందికి దూరను. పాన్ విప్పితే ఐదు క్వార్టులు, అంటే నాలుగు ముప్పావు లీటర్ల ఆయిలు దిగుతుంది. మొత్తం పట్టేది పదకొండు క్వార్టుల పైన. మిగతాది చాలావరకు కన్వర్టర్లోనే ఉంటుంది.

మావయ్య: సగం కూడా దిగదు. ఆ దిగినది ఒక్కసారి దిగదు, మోచేతి మీదుగా చంకలోకి కారుతూ ఉంటుంది. తర్వాత?

అల్లుడు: వాల్వు బాడీ దించుతాను. దానికీ కేసుకీ మధ్య చిల్లుల రేకు, రేకుకి అటొకటి ఇటొకటి ప్యాకింగు. రెండూ చూపుకి అన్నదమ్ముల్లా ఉంటాయి, ఒకటి కాదు. కేసు వైపుదాని మీద సి అనీ, వాల్వు బాడీ వైపుదాని మీద వి అనీ ముద్ర ఉంటుంది. తారుమారైతే ఏదో ఒక దారి మూసుకుపోతుంది.

మావయ్య: గుండ్లో?

అల్లుడు: ఉక్కు గుండ్లు దారుల్లో తలుపుల్లాంటివి. ఆయిలు ఒక వైపు నుంచి వస్తే తెరుచుకుంటాయి, ఇంకో వైపు నుంచి వస్తే మూసుకుంటాయి. ఒక్కటి చోటు మారినా గేరు ఒకటి పోతుంది, లేదా రెండు ఒకేసారి పట్టుకుంటాయి. పాతది విప్పగానే ఫోటో తీసుకుంటాను. పైకి బిగించేటప్పుడు గుండ్లు నెత్తిన రాలకుండా వేజలీన్ అద్ది అంటిస్తాను.

మావయ్య: గ్రీజు ఎందుకు కాదు?

అల్లుడు: గ్రీజు ముద్ద కట్టి సన్న చిల్లుల్లో ఇరుక్కుంటుంది. వేజలీన్ వేడి ఆయిల్లో కరిగిపోతుంది.

మావయ్య: ఊఁ. బోల్టులు?

అల్లుడు: సుమారు ఎనిమిది ఫుట్ పౌండ్లు. అల్యూమినియం కేసు కాబట్టి చేతి అంచనా పనికిరాదు. ఇక్కడే చాలామంది పడతారు. కాగితంలో అంగుళం పౌండ్లలో 96 అనో 97 అనో ఉంటుంది. అది చూసి ఫుట్ పౌండ్ల రెంచి తిప్పితే మరలు పీక్కుని బోల్టు చేతిలోకి వస్తుంది.

మావయ్య: చదువుకున్నావు, కాదన్ను. ఒక్కటి మాత్రం నచ్చలేదు. చిల్లు పెద్దది చేస్తానంటున్నావు. స్ప్రింగు నచ్చకపోతే తీసి పాతది పెట్టుకుంటాం. తొలిచిన ఇనుము తిరిగి రాదు.

అల్లుడు: అందుకే పాత రేకు ముట్టుకోను. కిట్టులో కొత్తది ఉంది. దీన్ని తొలిచి, పాతది నూనె రాసి దాస్తాను.

మావయ్య: ఇప్పుడు నాకు తెలియనిది అడుగుతాను. లారీలో గేరు ఎప్పుడు మార్చాలో డ్రైవరు చెవి చెప్తుంది. దీనికెవరు చెప్తారు? 1989 బండి అంటున్నావు, కంప్యూటరా?

అల్లుడు: గేర్లు ఎక్కించడం కంప్యూటరు చెయ్యదు. రెండు ఒత్తిళ్ల మధ్య తాడు లాగుడు. వెనక షాఫ్టు దగ్గర గవర్నరని ఒకటి తిరుగుతుంటుంది. బండి వేగం పెరిగేకొద్దీ దాని ఒత్తిడి పెరుగుతుంది. అది పై గేరు వెయ్యమంటుంది. యాక్సిలరేటరు వైపు నుంచి ఇంకో ఒత్తిడి వస్తుంది. కాలు ఎంత తొక్కితే అది అంత పెరుగుతుంది. ఉండు, ఇంజను ఇంకా పని చెయ్యాలి అంటుంది. గవర్నరు గెలవగానే గేరు మారుతుంది. ఆ యాక్సిలరేటరు కబురు మోసేది ఇంజను నుంచి గేర్‌బాక్సుకి వెళ్లే ఒక కేబులు. టీవీ కేబులంటారు, థ్రాటిల్ వాల్వు కేబులు.

మావయ్య: ఆ కేబులు గేరు ఎప్పుడు మారాలో మాత్రమే చెప్తుందా?

అల్లుడు: కాదు, ఎంత గట్టిగా పట్టుకోవాలో కూడా అదే చెప్తుంది. పాత 350 గేర్‌బాక్సులో ఇలాంటి కేబులే ఉంటుంది. అది లాగకపోయినా పెద్దగా నష్టం లేదు, ఒత్తిడి సంగతి వాక్యూం గొట్టం చూసుకుంటుంది. 700ఆర్4లో రెండు పనులూ కేబులుదే. అది వదులైతే ఒత్తిడి తగ్గుతుంది, గేరు తొందరగా మొదలై…

అతను ఆగిపోయాడు. మావయ్య ఆగలేదు.

మావయ్య: తొందరగా మొదలై, పడటానికి సాగుతుంది. పొద్దున్న నువ్వు చెప్పిన మాటే. ఈ సాగడం మొదటి నుంచీ ఉందా, ఈ మధ్య ఎక్కువైందా?

అల్లుడు: మొదటి నుంచీ కాస్త ఉంది. ఈ మధ్య ఎక్కువైంది.

మావయ్య: ఈ మధ్య ఏం కదిలించావు?

అల్లుడు: పోయిన నెల థ్రాటిల్ బాడీ కింద ప్యాకింగు మార్చాను. కేబుళ్లు విప్పి మళ్లీ తగిలించాను.

మావయ్య: తగిలించావు. సరిచూశావా?

బానెట్ ఎత్తారు. ఇంజను ఆపే ఉంది. నేను లోపల కూర్చుని యాక్సిలరేటరు నేల దాకా తొక్కాను. మావయ్య వేలుతో చూపించాడు. థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుంది, కేబులు మాత్రం ఇంకా వదులుగా వేలాడుతోంది. అల్లుడు ఏమీ అనకుండా కేబులు చివర ఉన్న మీట నొక్కాడు. జారే ముక్కని వెనక్కి పూర్తిగా తోసి మీట వదిలాడు. థ్రాటిల్ లీవరుని చేత్తో మెల్లగా చివరి దాకా తిప్పాడు. టిక్, టిక్, టిక్ మంటూ కేబులు తన చోటు తనే వెతుక్కుంది. రెండు నిమిషాల పని. పానా కూడా అక్కర్లేదు.

ముగ్గురం ఎక్కి కాలనీ చుట్టూ రెండు చుట్లు తిరిగి వచ్చాం.

అల్లుడు: చాలా మారింది. అయినా ఒకటి నుంచి రెండుకి కాస్త సాగుతూనే ఉంది మావయ్యా. నువ్వూ చూశావు.

మావయ్య: చూశాను. కాదన్ను. ఇప్పుడు మిగిలింది కంపెనీవాడు పెట్టిన మెత్తదనం. పొద్దున్న ఉన్నది నువ్వు పెట్టిన జబ్బు. ఆ రెండిటికీ తేడా తెలియకుండా పాన్ విప్పి ఉంటే ఏమయ్యేది?

అల్లుడు: కిట్టు వేసేవాణ్ణి, కేబులు వదులుగానే ఉండేది. ఒత్తిడి చాలక మళ్లీ జారేది. చిల్లు చాల్లేదనుకుని ఇంకాస్త తొలిచేవాణ్ణి.

మావయ్య: ఒక నెలలో ప్లేట్లు మాడేవి. కిట్టు మంచిది కాదని ఊరంతా చెప్పేవాడివి. షెడ్డులో నేను చూసిన పాడైన గేర్‌బాక్సుల్లో సగం రోడ్డు మీద పాడైనవి కావు, రిపేరులో పాడైనవి.

అల్లుడు: అయితే కిట్టు వద్దంటావా?

మావయ్య: నేనలా అన్లేదు. హాఫ్ క్లచ్ మాట నువ్వు నా నోట్లోంచే తీసి నా మీదే వేశావు, దానికి నా దగ్గర జవాబు లేదు. బరువు మోసే బండిలో ఆ జారుడు తగ్గించడం తప్పు కాదు. కానీ ఒత్తిడి కొలవడానికి ఏదో ఒక దారి ఉండే ఉంటుంది.

అల్లుడు: కేసు ఎడమ పక్క చిన్న ప్లగ్గు ఉంది. అది తీసి మూడొందల పౌండ్ల గేజి తగిలించొచ్చు.

మావయ్య: ముందు అది. తర్వాత పాన్ విప్పి అయస్కాంతం చూడు. బూడిదరంగు సన్నటి గుజ్జు ఉంటే అది అరుగుడు, వయసుకి తగ్గది. ఇనుప పెచ్చులో, నల్లటి పొర ముక్కలో ఉంటే కిట్టు పక్కన పెట్టి గేర్‌బాక్సు దించు. ఆయిలు మాడు వాసన కొట్టినా అంతే. అంతా బాగుంటే వెయ్యి, కాగితంలో ఉన్న అన్నిటికంటే చిన్న చిల్లు. నేను లైటు పట్టుకుంటాను.

అల్లుడు: చిన్న చిల్లు చాలకపోతే?

మావయ్య: పెద్దది చెయ్యడానికి ఎప్పుడూ దారుంది. చిన్నది చెయ్యడానికి లేదు. అవునూ, మీ అక్క కారు కూడా ఆటోమేటిక్కే, హైదరాబాద్‌లో. గేరుకి గేరుకి మధ్య తల ఊపుతుంది. దానికీ ఇలాంటి పెట్టె దొరుకుతుందా?

అల్లుడు: అక్కది ఏఎంటీ. 2014లో సెలేరియో కారుతో మన దగ్గర వ్యాప్తికొచ్చిన రకం. లోపల ఉన్నది మామూలు గేర్‌బాక్సే, పెడలు తొక్కే మనిషి బదులు కంప్యూటరు చెప్పినట్టు చేసే యంత్రపు చెయ్యి. ఈ అక్యుములేటర్లూ చిల్లుల రేకులూ ఈ రకంగా అందులో ఉండవు. ఇక్కడి కొత్త ఎనిమిది గేర్ల బళ్లకైతే ఏ క్లచ్ ఎంతసేపట్లో నిండుతోందో కంప్యూటరే కొలుచుకుని సర్దుకుంటుంది. అక్కడ డ్రిల్లు కాదు, ప్రోగ్రాము మార్చాలి.

మావయ్య: అయితే మీ అక్క చెవిలో కూడా ఈ మాట వెయ్యి. ఎవడో వీడియోలో చూశానని ఎవడి చేతా కారు విప్పించొద్దని.

మధ్యలో కూర్చున్నవాణ్ణి కాబట్టి తీర్పు నన్నడిగారు. గేరు గట్టిగా పడాలన్న కోరికలో అల్లుడిది న్యాయం. ఆ జారుడు ఎవరి సుఖం కోసం ఉందో, దాని ఖరీదు ఎవరు కడుతున్నారో అతను లెక్క తేల్చి చూపించాడు. ఏ పని ఎప్పుడు చెయ్యాలన్న దాంట్లో మావయ్యది న్యాయం. ఈ కిట్టు ఆరోగ్యంగా ఉన్న గేర్‌బాక్సుకి పదును, జబ్బు చేసినదానికి మందు కాదు. ఇంట్లో ఈ పనికి కూర్చునేవాళ్లు పెట్టె మూత తీసేముందు మావయ్య ప్రశ్న ఒక్కటి వేసుకుంటే చాలు: ఈ మధ్య ఏం కదిలించాను?

గేజి బుధవారం వస్తుందట. అందాకా కిట్టు పెట్టె అటకెక్కింది. దాన్ని ఎక్కించడానికి పట్టుకెళ్లిన నిచ్చెన మళ్లీ వాళ్ల గ్యారేజీలోనే ఉండిపోయింది, దాని సొంత చోట్లో.